తాళంచెవి నా రొంటినే ఉంది

నన్ను ఎత్తుకుపోయారని మా వార్డులో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. అది అబద్ధం. బస్సు మా వీధి మలుపులో ఆగింది. తలుపు తీశారు. నేనే మెట్లెక్కాను. కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చున్నాను. ఎత్తుకుపోయే మనిషిని ఎక్కడ కూర్చుంటావని ఎవరూ అడగరు కదా.

మాది కొండమిట్ట మున్సిపాలిటీలో చిట్టచివరి వార్డు. అక్కడ మున్సిపాలిటీ వాళ్ల గది ఒకటుంది. ఒకప్పుడు అందులో కుళాయి పన్ను కట్టించుకునేవాళ్లు. కుళాయిల్లో నీళ్లు రావడం మానేశాక పన్ను కట్టే జనమూ రావడం మానేశారు. ఖాళీ పడిన ఆ గదిలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. మా ఆయన పోయాక పింఛను కాగితం తలకిందులుగా పట్టుకుని ఆఫీసులో నిలబడితే గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు మీద కోపంతో వెళ్లి నేను పలక పట్టాను. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. కోపం మంచి పంతులు. ఏడాది తిరిగేసరికి గోడల మీద రాసినవన్నీ చదివేదాన్ని, చదవకూడనివి కూడా.

ఆ గదిని బ్రాందీ షాపుకు ఇవ్వాలని మున్సిపాలిటీకి ఒక ఆలోచన పుట్టింది. మేం గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాం. వాళ్లు వెనక్కి తగ్గారు గాని ఆలోచన తగ్గలేదు. అంతలో ఎన్నికలొచ్చాయి.

"నువ్వు నిలబడక్కా," అంది మాలకొండమ్మ. ఆమె పొగాకు గోడౌనులో ఆకు గ్రేడింగు పనికి పోతుంది. గదిలో నా పక్కనే కూర్చుని దిద్దేది.

"నాకేం తెలుసే?"

"నోరుందిగా! గెలిచినోళ్లందరికీ ఇంకేముందంట?"

ఇండిపెండెంటుగా నిలబడ్డాను. పలక గుర్తు ఇచ్చారు. మిగతావాళ్లు రోడ్లు, లైట్లు, కాలవలు, కల్యాణ మండపం ఇస్తామన్నారు. నేను ఒక్కటే చెప్పాను. గది పోనివ్వను. గెలిచాను.

గెలిచిన సాయంత్రమే గదికి తాళం వేశాను. కొత్త కౌన్సిలు కుదురుకునేలోగా ఎవడైనా సీసాలు దించేస్తాడేమోనని నా భయం. తాళంచెవి అందరికీ చూపించి రొంటిన దోపుకున్నాను. "ఛైర్మన్ ఎన్నిక అయిపోగానే వచ్చి నా చేత్తో నేనే తీస్తా," అన్నాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చాలా బాగున్నాయి. అన్నం పెట్టినందుకు కూడా నాకు ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

ఫలితాలు చూస్తే గొడుగు పార్టీకీ నిచ్చెన పార్టీకీ సీట్లు సరిసమానంగా వచ్చాయి. మధ్యలో నేనొక్కదాన్ని. మర్నాడు పొద్దున్నే బస్సు వచ్చింది. గొడుగు పార్టీ క్యాంపు కన్వీనరు భుజంగరావు గారు దిగి, నాకు రెండు చేతులతో దణ్ణం పెట్టారు.

"వెంగమ్మ గారూ, తమరు ప్రజాస్వామ్యానికి ఇరుసు. ఇరుసు వీధిలో ఉండకూడదు. ఎవరైనా ఊడబీక్కుపోతారు."

"ఏడకు పోవాలండీ?"

"క్యాంపుకి."

క్యాంపు అంటే తెలియనివాళ్లకు చెబుతాను. గెలిచినవాళ్లను ఎదుటి పార్టీ కొనెయ్యకుండా, ఛైర్మన్‌కు చెయ్యెత్తేదాకా ఊరికి దూరంగా దాచిపెడతారు. మామిడికాయలను కూడా ఇలాగే గడ్డిలో దాస్తారు. కాకపోతే కాయలు పండితే బయటికి తీస్తారు.

"మరి మా గది?" అన్నాను.

"గది మీదే! ఇది అధ్యక్షుల వారి హామీ," అని భుజంగరావు గారు నా మెడలో వంగపండు రంగు కండువా వేశారు. మెడ మీద చల్లగా తగిలింది. కిటికీ పక్క సీటు అప్పుడే అడిగాను. దారిపొడవునా బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వెళ్లాను. ఎరువుల కొట్లు, పళ్ల డాక్టర్లు, మలుపులో నెమ్మదిగా వెళ్లమనే హెచ్చరికలు. ఆఖరిది మాత్రం చదివి వదిలేశాను.

సముద్రం ఒడ్డున రిసార్టు. గదికి ఏసీ. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పకోడీలు, ఆ తర్వాత విధేయతా సదస్సు. సదస్సులో భుజంగరావు గారు నియమాలు చెప్పారు.

"సభ్యులు తమ ఫోన్లు అప్పగించాలి. క్యాంపు ఆవరణలో వార్డు ప్రస్తావన పూర్తిగా నిషిద్ధం. వార్డు గుర్తొస్తే మనసు ఊగుతుంది. ఊగిన మనసు గోడ దూకుతుంది."

నా పక్క కుర్చీలో సింగరయ్య అన్న కూర్చుని పకోడీ నములుతున్నాడు. మా ఊళ్లో కౌన్సిలరుగానే తల నెరిసిన మనిషి. ఆయన ఎప్పుడైనా ఓడినట్టు నాకు తెలియదు.

"అన్నా, మీది ఏ పార్టీ?" అని అడిగాను.

"ఇయ్యాళా?" అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఈతకొలను దగ్గరికి వెళ్లాక అర్థమైంది. కొలనుకు ఆ ఒడ్డున నిచ్చెన పార్టీ క్యాంపు ఉంది. ఇంతమందికి గదులున్న రిసార్టు చుట్టుపక్కల అదొక్కటే కాబట్టి రెండు పార్టీలూ అక్కడికే వచ్చాయి. మధ్యలో మోకాలెత్తు గోడ కట్టారు. దూకడానికి చీర కొంచెం పైకెత్తితే చాలు. ఆ ఒడ్డున రొయ్యల వేపుడు అని తెలియగానే మా వైపు నుంచి ముగ్గురు దూకారు. ఈ ఒడ్డున నాటుకోడి అనగానే అటునుంచి నలుగురు వచ్చారు. వచ్చిన ప్రతివాడికీ కండువా కప్పడం, ఫొటో తీయడం, ఆయన మాట్లాడటం. వచ్చినవాళ్లంతా అక్కడ ఊపిరాడలేదనే చెప్పారు. రెండు ఒడ్లకూ ఒకటే సముద్రపు గాలి.

నేను మాత్రం కదల్లేదు. నాకు గది ఉంది. ఆ మాటే సింగరయ్య అన్నతో అన్నాను.

"చెల్లే, నమ్మకమనేది గుండ్రాయిలాంటిది," అన్నాడాయన. "ఇంట్లో ఉంటే పచ్చడి నూరుకోవచ్చు. ఒళ్లో పెట్టుకుని దూకితే మాత్రం కాలు మీద పడుద్ది."

నిచ్చెన పార్టీ కన్వీనరు హైమావతి గారు ఒకరోజు కొలను గట్టు మీద నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఇద్దరం నీళ్లలో కాళ్లు పెట్టుకున్నాం.

"అక్కయ్య గారూ, వాళ్లు మీకేమిస్తామన్నారు?"

"గదండీ."

"ఉట్టి గదేనా?" ఆవిడ నా వంక జాలిగా చూశారు. "ఇంత విలువైన మనిషికి ఒక్క గదా! మేమైతే దాని మీద ఇంకో గది వేయిస్తాం. కింద అక్షరాలు, పైన కుట్టుమిషన్లు."

నేను ఆలోచించాను. నేను అడిగింది నాకోసం కాదు. ఆడవాళ్ల కోసం. ఆడవాళ్లకు రెండు గదులు వస్తుంటే ఒక గది దగ్గర పట్టుబట్టడం స్వార్థం అవుతుంది. చీర కొంచెం పైకెత్తాను.

వక్కపొడి రంగు కండువా కప్పి నా చేతిలో కాగితం పెట్టారు. "గొడుగు పార్టీలో ఆత్మగౌరవానికి భంగం కలిగి, ఊపిరాడని వాతావరణంలో ఇమడలేక, ప్రజల అభీష్టం మేరకు..." తడబడకుండా చదివాను. విలేకరులు మెచ్చుకున్నారు. చదువు ఇందుకు కూడా పనికొస్తుందని మా టీచరమ్మ చెప్పలేదు.

మర్నాడు భుజంగరావు గారు గోడ అవతల నుంచి కేకేశారు. "వెంగమ్మ గారూ, పైగదికి మెట్లుంటాయని వాళ్లు చెప్పారా? అడిగారా?" నేను అడగలేదు. గొడుగు పార్టీ వాళ్లు రెండు గదులూ, మెట్లూ ఇస్తామన్నారు. ఇటు దూకాను. నిచ్చెన వాళ్లు మూడో అంతస్తూ, కంప్యూటర్లూ అన్నారు. అటు దూకాను. నేను దూకిన ప్రతిసారీ గదికి ఒక అంతస్తు పెరిగింది. లిఫ్టు వచ్చింది. దానికి "మహిళా అక్షర మహాసౌధం" అని పేరు వచ్చింది. ముందు పలక పట్టుకున్న నా విగ్రహం వచ్చింది. విగ్రహం నేను అడగలేదు. వాళ్లే అన్నారు. చెప్పులతోనా, చెప్పుల్లేకుండానా అని మాత్రం అడిగాను.

తాళంచెవి నా రొంటినే ఉంది. మెత్తటి పరుపు మీద పక్కకు ఒత్తిగిలితే గుచ్చుకునేది. తీసి దిండు కింద పెట్టుకునేదాన్ని.

ఈలోగా ఎన్నిక జరపడానికి కమిషనరు గారు జీపులో వచ్చారు. పద్ధతి ప్రకారం ఎవరికి ఎన్ని చేతులో లెక్కపెట్టాలి. ఆయన ముందు వరుస నుంచి లెక్క మొదలుపెట్టి వెనక వరుసకు చేరేసరికి ముందు వరుసలో మనుషులు మారిపోయారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మారారు. మూడోసారి ఆయనకు కళ్లు తిరిగితే నిమ్మకాయ నీళ్లిచ్చారు. పడుకునే ఉత్తర్వు చెప్పారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, గోడ దూకుట అనునది గౌరవ సభ్యుల హక్కే అయినను, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఇకపై కార్యాలయ వేళలలో మాత్రమే, దరఖాస్తు సమర్పించి, క్యూ పద్ధతిలో దూకవలసినది. భోజన విరామంలో దూకిన దూకుళ్లు చెల్లవు."

మర్నాడే గోడ దగ్గర బల్ల వేశారు. గుమాస్తా కూర్చున్నాడు. దరఖాస్తులో ఎటునుంచి ఎటు అని రాయాలి. కారణం దగ్గర అభివృద్ధి, ఆత్మగౌరవం, ఊపిరాడకపోవడం అని మూడు గళ్లుంటే ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఆఖర్న "దరఖాస్తుదారుని సిద్ధాంతం" అని ఒక ఖాళీ గీత ఉంది. ఎప్పటిదో పాత నమూనాలోంచి తెచ్చుకున్నారట, తీసెయ్యడం మర్చిపోయారు.

సింగరయ్య అన్న ఆ గీత మీద "లేదు" అని రాశాడు. గుమాస్తా తిప్పి పంపాడు. "లేదు అని రాయకూడదండీ, లేనివాళ్లు 'వర్తించదు' అని రాయాలి."

నా వంతు వచ్చింది. నేను "గది" అని రాశాను. గుమాస్తాకు సందేహం వచ్చి కమిషనరు గారి దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు.

"అమ్మా, గది సిద్ధాంతం కాదు. స్థిరాస్తి."

"ఓట్లు దానికే వేశారండీ."

"వేసి ఉండవచ్చు. కాని ఈ గీత మీద స్థిరాస్తులు రాయరాదు. రాసిన దరఖాస్తు తిరస్కరించబడును."

వెనక క్యూ పెరుగుతోంది. ఎవరో "కానీయమ్మా, అవతల చల్లారిపోతాంది" అన్నారు. నేను "గది" కొట్టేసి "వర్తించదు" అని రాశాను. ఒత్తులు తేడా లేకుండా వచ్చాయి. గుమాస్తా చూసి, "ఎంత ముత్యాల్లాంటి రాతండీ!" అన్నాడు. ఆ రోజంతా ఆ మాటకే మురిసిపోయాను.

అలా దసరా పోయింది, దీపావళి పోయింది. ఒక ఆదివారం గేటు దగ్గర గోల వినపడింది. మాలకొండమ్మ, ఆమె వెనకాల మా గది ఆడవాళ్లు. బస్సెక్కి వచ్చారు. వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు. నేను గేటు ఇవతల నిలబడ్డాను. ఆ పూట నా మెడలో ఏ రంగు ఉందో ఒకసారి కిందికి చూసుకుని, అప్పుడు దణ్ణం పెట్టాను.

"అక్కా, దణ్ణాలెందుకులే మాకు," అంది మాలకొండమ్మ. "తాళంచెవి ఇయ్యి."

"తాళంచెవెందుకే?"

"తలుపు మీద నోటీసు అంటించినారు. నేనే చదివినా. వాడకంలో లేని గదంట. నెలాఖరు లోపల వాడకంలోకి రాకుంటే నిరుపయోగం కింద రాసి వేలం ఏస్తారంట. పాడేది ఎవరో తెలుసుగా? ఆ సీసాలోడే."

గుండెలో కొంచెం కలుక్కుమంది. కాని అప్పటికి కలుక్కుమన్న చోట ఏం చెప్పాలో నాకు బాగా అలవాటైంది.

"మాలకొండా, మీరు ఒక్క గది దగ్గరే ఆలోచిస్తున్నారు. నేను మీకోసం ఆరంతస్తులు సాధించాను. లిఫ్టుంది. అక్షర మహాసౌధం. ఇదిగో బొమ్మ కూడా గీయించారు," అని కాగితం గేటు ఊచల్లోంచి ఇచ్చాను.

వాళ్లంతా బొమ్మ చూశారు. ఒక ముసలమ్మ అడిగింది. "దీంట్లో మన గది ఏదమ్మా?"

నేను వెతికాను. విగ్రహం ఉన్న చోటే ఉండాలి.

"అక్కా, సౌధం సంగతి తరవాత చూసుకుందాం. ముందు చెవి ఇయ్యి," అంది మాలకొండమ్మ.

ఇచ్చేద్దామనే రొంటిలో చెయ్యి పెట్టాను. వెనక నుంచి భుజంగరావు గారు దగ్గారు. ఆ క్షణంలో నాకు తట్టింది. తాళంచెవి ఇచ్చేస్తే ఈ గోడ దగ్గర నన్ను పలకరించేదెవరు? గది ఒకరి చేతిలో ఉంటే కదా దాని మీద అంతస్తులు వేసేది.

"చెవి నా దగ్గరుంటేనే గది మన చేతిలో ఉన్నట్టు," అన్నాను. "రాజకీయం మీకు తెలవదు."

మాలకొండమ్మ నన్ను కాసేపు చూసింది. గోడౌనులో ఆకును వెలుతురుకు ఎత్తి ఇలాగే చూస్తుంది, ఏ గ్రేడో తేల్చడానికి.

"అవునక్కా. మాకు తెలవదు," అంది. "నీకు వంట్లో బాగుందిగా? నిగనిగలాడతన్నావు."

బొమ్మ కాగితం మడిచి మళ్లీ ఊచల్లోంచి నాకే ఇచ్చి వెళ్లిపోయారు.

ఎన్నిక ఎలా తెమలాలో తేలక కమిషనరు గారు పైవాళ్లకు రాశారు. పైనుంచి జవాబొచ్చింది. సభ్యులు మున్సిపాలిటీకి రాలేరు కనుక మున్సిపాలిటీయే సభ్యుల దగ్గరికి వెళ్లాలి. రిసార్టు భోజనశాలను కౌన్సిలు హాలుగా ప్రకటించారు. ఒకరోజు అందరూ తిని మత్తుగా కూర్చున్న వేళ, ఎవరూ లేవలేని స్థితిలో, కమిషనరు గారు చకచకా లెక్కపెట్టేశారు. గొడుగు వారి మనిషి ఛైర్మన్. ఆ గంట నేను అటువైపు ఉన్నాను కాబట్టి వైస్ ఛైర్‌పర్సన్‌ని అయ్యాను. కాఫీ తాగేలోగా ఛైర్మన్ గారు నిచ్చెన వైపు దరఖాస్తు పెట్టుకున్నారు. మొదటి సమావేశానికి అధ్యక్షత నామీద పడింది. ఎత్తు కుర్చీ. కాళ్లు నేలకు అందలేదు.

కమిషనరు గారు చదివారు. "అంశం ఒకటి. నిరుపయోగ ఆస్తుల వేలం. చివరి వార్డు గది. ఆరు మాసములుగా మూసి ఉన్నట్లు గమనించడమైనది."

"అది నిరుపయోగం కాదండీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అది మా చదువుల గది."

"ఎవరైనా చదువుచున్నారా?"

"తాళం వేసి ఉందండీ."

"తాళం ఎవరు వేశారు?"

అందరూ నా రొంటి వంక చూశారు. సింగరయ్య అన్న పకోడీ ప్లేటులోకి చూశాడు.

"అధ్యక్షుల వారికి ఈ కార్యాలయం కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది," అన్నారు కమిషనరు గారు. ఆయన వెటకారం ఎరగని మనిషి, నిజంగానే అన్నారు. "గతంలో ఆ గదిని ఖాళీ చేయించుటకు మేము విఫలమైతిమి. తమరు ఒక్క తాళంతో, ఎటువంటి గొడవ లేకుండా, ఆస్తిని ఖాళీగా అప్పగించుచున్నారు. రేపు ఉదయం స్వాధీనపరచుకొనబడును. అధ్యక్షుల వారి అభ్యంతరం నమోదు చేయడమైనది. తీర్మానం ఆమోదించడమైనది. అంశం రెండు, సభ్యులకు దుప్పట్లు."

కుర్చీ దిగాను. భోజనశాల దాటాను, కొలను దాటాను, గేటు దగ్గరికి పరిగెత్తాను. వాచ్‌మన్ కాళ్లు పట్టుకునైనా బయటపడాలనుకున్నాను. అతను లేచి తలుపు తోశాడు.

"తాళం లేదా?" అన్నాను.

"ఎప్పుడూ లేదమ్మా. బయటోళ్లను లోనికి రానియ్యొద్దన్నారు. లోపలోళ్లను ఆపమని ఎవురూ చెప్పలా. మీరెవురూ పోతామని అడగలా."

రెండు బస్సులు మారి ఊళ్లో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని వీధి మలుపు తిరిగాను. ఎప్పుడో గది ముందు చెప్పిన మాట నిలబెట్టుకుంటున్నాను కదా, నా చేత్తో నేనే తీస్తాను కదా అనుకున్నాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. చూసేవాళ్లుంటే బాగుండుననిపించింది.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఆడవాళ్లు బారులుగా కూర్చుని పైకి చదువుతున్నారు. నా తాళం గడియతో సహా ఊడి గుమ్మం పక్కన పడి ఉంది. తుప్పు కూడా పట్టింది. దాని మీద ఎవరో చెప్పులు విడిచారు.

"ఎప్పుడు పగలగొట్టారే?" అన్నాను.

"నీ కాడ నుంచి వచ్చిన సాయంత్రమే," అంది మాలకొండమ్మ పలక మీంచి తలెత్తకుండా. "రోకలితో రెండు దెబ్బలు. నీకు చెబుదామంటే ఫోను పలకదాయె."

తెల్లవారి ఆడవాళ్లు గోడౌను పని మానుకుని మరీ వచ్చి కూర్చున్నారు. జీపులో కమిషనరు గారు, ఆయన వెనక సీసాలాయన దిగారు. కమిషనరు గారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. నల్లబల్ల చూశారు, పలకలు చూశారు, వెనక వరుసలో ముడుచుకుని కూర్చున్న వైస్ ఛైర్‌పర్సన్‌ను చూశారు.

"గది వాడకంలో ఉన్నట్లు గమనించడమైనది," అని రాసుకుని వెళ్లిపోయారు. తీర్మానం రద్దయిందని తర్వాత తెలిసింది. దుప్పట్లది మాత్రం అమలైంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం నేను గదికి వెళుతున్నాను. కండువాలు రెండూ పలక తుడవడానికి బాగా పనికొస్తున్నాయి, వక్కపొడి రంగుది ఇంకొంచెం మెత్తన. తలుపుకు కొత్త తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎంతయినా నేనింకా వైస్ ఛైర్‌పర్సన్‌నే. భుజంగరావు గారి బస్సు వారానికోసారి మలుపు దాకా వచ్చి ఊరికే హారను కొట్టి పోతుంది. అది వినపడగానే నా తల దానంతటదే అటు తిరుగుతుంది. మాలకొండమ్మ అది గమనించింది.

అప్పటినుంచి నన్ను కిటికీ పక్కన కూర్చోనివ్వడం లేదు.